టీపీఎస్ ఫాల్ట్ వచ్చిపోతోందా? సెన్సార్ కొనేముందు దాన్ని పట్టుకునే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. యాక్సిలరేటర్ కేబుల్ ఉన్న పాత పెట్రోల్ కారు. 60, 70 కిలోమీటర్ల స్పీడులో పెడల్ కదపకుండా పట్టుకుని వెళ్తుంటే ఉన్నట్టుండి ఎవరో వెనకనుంచి లాగినట్టు ఒక జర్క్ ఇస్తుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, రెండు మూడు రోజులకి దానంతటదే ఆరిపోతుంది. స్కాన్ చేయిస్తే ఒకసారి పీ 0121, ఇంకోసారి పీ 0122 వచ్చాయి. ఒక మెకానిక్ టీపీఎస్ (త్రోటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సార్) మార్చమన్నాడు, ఇంకొకాయన త్రోటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు, అంటే త్రోటిల్ ఉండే భాగం) మొత్తం మార్చాలన్నాడు. షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం కారు ఏమీ ఎరగనట్టు బుద్ధిగా నడుస్తుంది. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినొద్దు. సెన్సార్ పోయి ఉండే అవకాశం బాగానే ఉంది, కాదనను. కానీ ఆ కోడ్ చెప్పేది సెన్సార్ పోయిందని కాదు, సెన్సార్ నుంచి ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) వచ్చే వోల్టేజీ కాసేపు తేడాగా ఉందని మాత్రమే. ఆ తేడా సెన్సార్ లోపల పుట్టొచ్చు, కనెక్టర్ పిన్నులో పుట్టొచ్చు, మధ్యలో ఎక్కడో ఒరుసుకుపోయిన వైరులో పుట్టొచ్చు, అసలు ఆ సెన్సార్‌తో సంబంధం లేని ఇంకో సెన్సార్ వల్ల కూడా రావొచ్చు. వీటిని విడదీయడానికి ఒక మల్టీమీటరు, ఒక గంట ఓపిక చాలు. నేను కార్ల వైరింగ్ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈ సెన్సార్ మార్చేసి, తర్వాత కూడా అదే జర్క్‌తో నా దగ్గరికి వచ్చిన బళ్లు చాలానే చూశాను.

ముందు అది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను, ఇది తెలిస్తే మిగతా సగం మీకే అర్థమవుతుంది. మీలాంటి కేబుల్ కారులో టీపీఎస్ అంటే పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే నాబ్ లాంటిదే. లోపల ఒక కార్బన్ పట్టీ, దాని మీద జారే ఒక చిన్న లోహపు నాలుక. మూడు వైర్లు: ఈసీయూ పంపే 5 వోల్టులు ఒకటి, ఎర్త్ ఒకటి, ఆ నాలుక నుంచి వెనక్కి వెళ్లే సిగ్నల్ ఒకటి. పెడల్ వదిలేసినప్పుడు సిగ్నల్ సుమారు 0.5 వోల్టు, పూర్తిగా తొక్కితే 4.5 దగ్గర. కచ్చితమైన అంకె ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది, దాన్ని పట్టుకుని కూర్చోకండి. మనకి కావాల్సింది అంకె కాదు, మధ్యలో ఎక్కడా తెగకుండా నున్నగా పెరగడం.

పాత రేడియో వాల్యూమ్ తిప్పుతుంటే ఒక చోట గరగరమని శబ్దం వచ్చేది గుర్తుందా? ఆ గరగరే ఇక్కడ జర్క్. మనం కారు నడిపేటప్పుడు త్రోటిల్ ఎక్కువ కాలం ఐడ్లింగ్‌కీ నిదానమైన స్పీడుకీ మధ్యే ఉంటుంది, ఇంజిన్ వైబ్రేషన్‌కి ఆ నాలుక అదే చోట గంటల తరబడి రుద్దుకుంటుంది, అందుకే పట్టీ అక్కడే ముందు అరుగుతుంది. ఆ చోటికి వచ్చినప్పుడు సిగ్నల్ క్షణం సేపు తెగితే, డ్రైవర్ కాలు తీసేశాడని ఈసీయూ అనుకుని పెట్రోల్ కోసేస్తుంది, మరుక్షణం సిగ్నల్ రాగానే మళ్లీ ఇస్తుంది. మీకు అది వెనక్కి లాగినట్టు ఉంటుంది. ఆటోమేటిక్ గేర్లున్న బండి అయితే గేరు అనవసరంగా మారడం, టార్క్ కన్వర్టర్ లాక్ పడుతూ ఊడుతూ ఉండటం కూడా కనిపిస్తుంది, చాలామంది గేర్‌బాక్స్ పోయిందని హడలిపోయేది అక్కడే.

ఇప్పుడు కోడ్ల సంగతి. పీ 0121 అంటే టీపీఎస్ చెప్పేదానికీ మిగతా సెన్సార్లు చెప్పేదానికీ పొంతన లేదని. పీ 0122 అంటే వోల్టేజీ మరీ తక్కువకి పడిపోయింది, పీ 0123 అంటే మరీ పైకి పోయింది, పీ 0124 అంటే వచ్చిపోతోంది. ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక ఆధారం ఉంది. 5 వోల్టుల వైరు తెగితే సిగ్నల్ కిందకి పడుతుంది, ఎర్త్ వైరు తెగితే సిగ్నల్ పైకి పోతుంది. సిగ్నల్ వైరే తెగితే పైకా కిందకా అన్నది ఆ ఈసీయూ లోపలి అమరిక మీద ఉంటుంది. మీకు వచ్చింది 0122. అంటే ఎర్త్ మీద అనుమానం తక్కువ, 5 వోల్టుల వైరు, సిగ్నల్ వైరు, కార్బన్ పట్టీ, ఈ మూడింటి మీద ఎక్కువ. ఏమీ విప్పకుండానే కొంత వడపోత అయిపోయింది చూడండి.

లైట్ దానంతటదే ఆరిపోతే బాగైపోయిందని అనుకోకండి. వరసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లలో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒక సైకిల్) ఫాల్ట్ కనిపించకపోతే ఈసీయూ లైట్ ఆర్పేస్తుంది, అంతే. కోడ్ లోపల ఇంకా చాలా రోజులు ఉంటుంది.

ఈ ఫాల్ట్ దేనితో పాటు వస్తోంది? నేనైతే ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తకముందే ఓనర్‌ని కూర్చోబెట్టి అడిగేది ఇదొక్కటే, మిగతా పనంతా ఆ జవాబు మీదే నడుస్తుంది. ఎప్పుడూ పెడల్ ఒకే లోతులో ఉన్నప్పుడు వస్తుంటే, అంటే గుంతలున్న రోడ్డయినా నున్నటి రోడ్డయినా, వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా, అదే లోతు దగ్గర వస్తుంటే, అది సెన్సార్ లోపలి పట్టీ. గుంతలో పడ్డప్పుడో గేరు మార్చి గట్టిగా లాగినప్పుడో వస్తుంటే అది వైరు లేదా పిన్ను. ఇంజిన్ బాగా వేడెక్కాక మాత్రమే వస్తుంటే రెండూ కావచ్చు, కానీ అప్పుడు వేడి పెట్టి పరీక్ష చేయాలి. ఏసీ వేసినప్పుడో ఫ్యాన్ తిరిగినప్పుడో వస్తుంటే 5 వోల్టుల సప్లైని అనుమానించాలి. ఒక వారం పాటు జర్క్ వచ్చిన ప్రతిసారీ ఇవి మనసులో పెట్టుకుని, బండి ఆపాక రాసుకోండి, డ్రైవింగ్‌లో ఉండగా ఫోన్ తీయొద్దు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పెడల్ కదపకుండా ఒకే స్పీడులో వెళ్తున్నప్పుడే వస్తోంది కాబట్టి నా మొగ్గు పట్టీ వైపే ఉంది. మొగ్గు మాత్రమే, తీర్పు కాదు.

ఇక పని. మొదట కనెక్టర్. బ్యాటరీ నెగటివ్ తీసి, టీపీఎస్ కనెక్టర్ ఊడదీసి, వెలుతురులో పెట్టి పిన్నులు చూడండి. పచ్చటి చిలుము, నూనె తడి, నల్లటి మచ్చ, వెనక్కి జారిపోయిన పిన్ను, వీటి కోసం వెతకాలి. పైకి అన్నీ మెరుస్తున్నా సరే, ఆడ పిన్ను నోరు వదులైపోయి ఉండొచ్చు. అదే సైజు మగ పిన్ను ఒకటి దొరికితే ఒక్కో దాంట్లో దూర్చి లాగి చూడండి, మూడూ ఒకే బిగువుతో పట్టాలి. ఒకటి జారిపోతున్నట్టు ఉంటే మీ దొంగ అక్కడే ఉండొచ్చు. మల్టీమీటరు లావు ముల్లుని మాత్రం పిన్ను నోట్లో గుచ్చకండి, లేని వదులు మనమే తెచ్చిపెట్టిన వాళ్లమవుతాం. (ఇంతకుముందు ఎవరో అలా గుచ్చి పరీక్ష చేయడం వల్లే ఫాల్ట్ మొదలైన కార్లు చూశాను.)

తర్వాత కనెక్టర్ మళ్లీ పెట్టి, బ్యాటరీ కలిపి, కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కనెక్టర్ వెనక వైపు నుంచి సన్నటి పిన్నుతో కొలవాలి. వైరు తోలు గుచ్చకండి, ఆ కన్నంలోంచి తడి వెళ్లి ఆరు నెలలకి కొత్త జబ్బు తెస్తుంది. బల్బు టెస్టర్ అసలు వాడొద్దు, ఈసీయూ 5 వోల్టుల లైను బల్బు లాగే కరెంటు తట్టుకోవడానికి పెట్టింది కాదు. సప్లై వైరులో 5 వోల్టులకి దగ్గరగా, కదలకుండా ఉండాలి. ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలిస్తే 0.05 వోల్టు లోపే రావాలి, ఎక్కువ వస్తే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డం ఉంది. ఈ రెండూ బాగుంటేనే సిగ్నల్ గురించి మాట్లాడటంలో అర్థం ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. సిగ్నల్ వైరు మీద మీటరు పెట్టి త్రోటిల్‌ని చాలా నెమ్మదిగా, పదిహేను ఇరవై సెకన్లు తీసుకుని, సున్నా నుంచి చివరిదాకా తెరిచి మళ్లీ అలాగే మూయాలి. మొదటి పావు భాగంలో ఇంకా నెమ్మదిగా, అరిగేది అక్కడే కాబట్టి. నేను బోల్తా పడ్డ కథ ఇక్కడే చెప్పాలి. పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక కారు సరిగ్గా మీ లక్షణాలతోనే వచ్చింది. డిజిటల్ మీటరు పెట్టి త్రోటిల్ తిప్పాను, అంకెలు చక్కగా పెరిగాయి, సెన్సార్ బ్రహ్మాండంగా ఉందని చెప్పి స్పార్క్ ప్లగ్గులు, వైర్లు మార్పించి పంపేశాను. నాలుగు రోజుల్లో అదే జర్క్‌తో తిరిగొచ్చింది, ఓనర్ మొహం ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు మా మేస్త్రీ మూల పడేసిన పాత ముల్లు మీటరు తెచ్చి పెట్టాడు. త్రోటిల్ కొంచెం తెరవగానే 0.9 వోల్టు దగ్గర ముల్లు టక్కున కిందకి తుళ్లి మళ్లీ లేచింది. మామూలు డిజిటల్ మీటరు సెకనుకి మూడు నాలుగు సార్లే అంకె మారుస్తుంది, ఆ తెగడం సెకనులో యాభయ్యో వంతు ఉంటే రెండు అంకెల మధ్యలో అది మాయమైపోతుంది. ఈసీయూకి మాత్రం అది కనిపిస్తుంది.

అందుకని డిజిటల్ మీటరే ఉంటే దాంట్లో కనిష్ఠం గరిష్ఠం పట్టి ఉంచే బటన్ ఉందేమో చూడండి. కొంచెం తెరిచిన చోటు నుంచి మొదలుపెట్టి, పైకి మాత్రమే కదుపుతూ పోయి, కనిష్ఠం చూడండి. మొదలుపెట్టిన అంకె కన్నా తక్కువ చూపిస్తే మధ్యలో ఎక్కడో పడిపోయినట్టే. అయితే కొన్ని మీటర్లలో ఈ బటన్ కూడా సెకనులో పదో వంతు కన్నా చిన్న తెగడాన్ని పట్టుకోదు, కాబట్టి ఏమీ దొరకలేదంటే సెన్సార్‌కి క్లీన్ చిట్ ఇచ్చేయకండి. ఆసిలోస్కోప్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లగలిగితే అన్నిటికన్నా అదే మేలు, తెరమీద గీత ఏటవాలుగా ఎక్కుతూ ఉంటే మధ్యలో ఒక సూది గాటు స్పష్టంగా కనిపిస్తుంది, వాదన ఉండదు. స్కానర్‌లో లైవ్ డేటా చూస్తే చాలదా అంటారు కొందరు. చాలదు, అది చాలాసార్లు డిజిటల్ మీటరు కన్నా కూడా నిదానం. స్కానర్‌లో గాటు కనిపిస్తే నమ్మండి, కనిపించకపోతే ఏమీ తేలనట్టే.

నున్నగా వచ్చిందనుకోండి. అప్పుడు త్రోటిల్‌ని అనుమానం ఉన్న చోటే, అంటే మీ విషయంలో కొంచెం తెరిచి, కదలకుండా పట్టుకోమని ఒకరికి చెప్పి, సెన్సార్ మీద స్క్రూడ్రైవర్ పిడితో సుతారంగా తట్టండి. తర్వాత కనెక్టర్ని అటూ ఇటూ ఊపండి, తర్వాత వైరింగ్ హార్నెస్‌ని (వైర్ల కట్టని) ఒక్కో జానెడు చొప్పున వంచుతూ ఈసీయూ దాకా వెళ్లండి. సెన్సార్ని తడితే ముల్లు తుళ్లిందా, వైరు వంచితే తుళ్లిందా, ఇదే తేల్చాల్సింది. వేడి మీద అనుమానం ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో సెన్సార్ని మాత్రమే వేడిచేసి మళ్లీ త్రోటిల్ తిప్పి చూడండి.

వైరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో బండి గురించి. రెండుసార్లు టీపీఎస్ మార్చారట, రెండూ కొత్తవే, అయినా ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ ఇస్తే జర్క్, లైట్. నిలబెట్టి ఏ పరీక్ష చేసినా అంతా శుభ్రంగా ఉంది, వైర్లు ఊపినా ఏమీ లేదు. చివరికి సందేహం వచ్చి, ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు గట్టిగా తొక్కించి, గేరు వేసి కొంచెం లోడు ఇప్పించి, నేను పక్కకి నిలబడి ఇంజిన్‌ని చూశాను. ఇంజిన్ మౌంటు ఒకటి చచ్చిపోయి, ఇంజిన్ మొత్తం ఒక పక్కకి ఒరుగుతోంది, ఆ ఒరుగుడికి హార్నెస్ లాగబడి ఒక బ్రాకెట్ అంచుకి ఒత్తుకుంటోంది. టేపు విప్పితే 5 వోల్టుల వైరు తోలు కోసుకుపోయి రాగి బయటపడి ఉంది, ఒరిగినప్పుడల్లా బాడీకి తగిలి షార్ట్ అవుతోంది. రెండు సెన్సార్లూ వృథా. ఆ పరీక్ష చేసేటప్పుడు కారుకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, ఇది గుర్తుపెట్టుకోండి.

5 వోల్టుల సప్లై తరచూ ఒక్క టీపీఎస్‌దే కాదు, చాలా కార్లలో మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ప్రెషర్ కొలిచేది), ఏసీ ప్రెషర్ సెన్సార్ లాంటివి కూడా అదే లైను పంచుకుంటాయి. వాటిలో ఒకటి షార్ట్ అయితే అందరికీ నీళ్లొచ్చే ఒకే కుళాయి కట్టేసినట్టు అన్నీ పడిపోతాయి. ఏసీ వేసినప్పుడు మాత్రమే టీపీఎస్ కోడ్ వచ్చే బండి ఒకటి అలాగే దొరికింది. రేడియేటర్ ముందున్న ఫ్యాన్ తిరిగినప్పుడు అదిరే వైబ్రేషన్‌కి ఏసీ ప్రెషర్ సెన్సార్ వైరు ఒరుసుకుంటోంది. గుర్తుపట్టడం తేలికే: రెండు మూడు వేర్వేరు సెన్సార్ల కోడ్లు ఒకేసారి వచ్చాయంటే సెన్సార్లని వదిలేసి సప్లైని చూడండి. సప్లై వైరు మీద మీటరు పెట్టుకుని, ఆ లైనులో ఉన్న సెన్సార్ల కనెక్టర్లు ఒక్కొక్కటీ ఊడదీస్తూ పోతే, దేన్ని తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి లేస్తాయో అదే దోషి.

ఇది చదివే మిగతావాళ్లలో ఎలక్ట్రానిక్ త్రోటిల్ ఉన్న కార్లు నడిపేవాళ్లే ఎక్కువ ఉంటారు కాబట్టి వాళ్లకోసం కాస్త. మీ త్రోటిల్ బాడీలో సెన్సార్లు రెండు ఉంటాయి, పెడల్ దగ్గర ఇంకో రెండు. చాలా వాటిలో ఒకటి పెరుగుతుంటే ఇంకోటి తగ్గుతుంది, కొన్నిట్లో రెండూ వేర్వేరు వేగంతో పెరుగుతాయి. రెండింటికీ లెక్క కుదరకపోతే త్రోటిల్‌కి అయితే పీ 2135, పెడల్‌కి అయితే సాధారణంగా పీ 2138 వస్తుంది. ఈ రెండూ కలగాపులగం చేసుకుని పెడల్ తప్పుకి త్రోటిల్ బాడీ మార్చిన వాళ్లు ఉన్నారు, కోడ్ అంకె ఒకటికి రెండుసార్లు చదవండి. ఇలాంటి కారులో ఫాల్ట్ వస్తే జర్క్‌తో ఆగదు, త్రోటిల్ మోటార్‌కి కరెంటు ఆపేసి బండిని లింప్ మోడ్‌లోకి నెట్టేస్తుంది, పెడల్ ఎంత తొక్కినా బండి పాకుతుంది. ఇంకో హెచ్చరిక: కీ ఆన్‌లో ఉండగా ఆ త్రోటిల్ ప్లేటుని వేలితో తోయకండి. మోటార్ ఒక్కసారిగా మూస్తే వేలు నలిగిపోతుంది, గేర్లు కూడా విరుగుతాయి. కదిలించాలంటే పెడల్‌తోనే.

సెన్సార్ కాని దొంగలు కూడా ఉన్నారు. జర్క్ వచ్చిన క్షణంలో ఆర్పీఎం ముల్లు సున్నాకి పడి లేస్తే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరిగే వేగం చెప్పేది) వైపు చూడండి. గట్టిగా లోడు పెట్టినప్పుడే దడదడమంటే ఇగ్నిషన్ మిస్సింగ్ కావచ్చు. పీ 0121 ఒక్కటే వస్తూ వోల్టేజీ పరీక్షలన్నీ శుభ్రంగా ఉంటే, త్రోటిల్ బాడీలో పేరుకున్న కార్బన్, వాక్యూమ్ లీకు, తప్పు చెప్తున్న మ్యాప్ లేదా ఎయిర్‌ఫ్లో సెన్సార్ కూడా ఆ కోడ్ తెప్పించగలవు. మీకు 0122 కూడా వచ్చింది కాబట్టి ఇవి మీ వరసలో వెనక ఉంటాయి. త్రోటిల్ బాడీ మొత్తం మార్చమన్న ఆయన మాటకి వస్తే, మీ కారులో సెన్సార్ విడిగా రెండు స్క్రూలతో ఊడి వచ్చేది అయితే ఆ ఖర్చు అనవసరం. కొన్ని మోడళ్లలో సెన్సార్ విడిగా అమ్మరు, అలాంటప్పుడు ఆయన చెప్పిందే దారి.

మార్చాల్సి వస్తే ఒకటి చూసుకోండి. సెన్సార్ స్క్రూ కన్నాలు పొడుగ్గా ఉంటే దాన్ని తిప్పి సర్దొచ్చని అర్థం. పాతది విప్పేముందు పెడల్ వదిలేసిన స్థితిలో వోల్టేజీ రాసుకుని, కొత్తదాన్ని మీ కారు మాన్యువల్ చెప్పిన అంకెకి సర్ది బిగించండి. కన్నాలు గుండ్రంగా ఉంటే సర్దడానికేమీ లేదు. బ్యాటరీ తీసి పెట్టాక ఐడ్లింగ్ కాస్త అటూ ఇటూ అవుతుంది, కొన్ని కార్లకి స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ చేయించాలి, కొన్ని రెండు రోజులు నడిస్తే వాటంతటవే నేర్చుకుంటాయి.

అన్నట్టు, పైన చెప్పాల్సింది మర్చిపోయాను. కోడ్‌తో పాటు ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి దాచిపెడుతుంది, ఫాల్ట్ పడిన క్షణంలో స్పీడు, ఆర్పీఎం, ఇంజిన్ వేడి, లోడు ఎంత ఉన్నాయో అందులో ఉంటాయి. దేనితో పాటు వస్తోందన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కోడ్ చెరిపేస్తే అదీ పోతుంది, చాలా మార్లు షెడ్డులో మొదట చేసే పనే చెరిపేయడం. మీరు బ్యాటరీ నెగటివ్ తీసినా పోవచ్చు. కాబట్టి రేపు స్కానర్ పెట్టించి, ఏదీ ముట్టుకోకముందే ఆ పేజీ ఫొటో తీసుకుని ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.